ఊరికే మామ తిరిగిచ్చిన పిన్ను

మా బావమరిది ఇంట్లో డబ్బిచ్చి కొన్న టోపీ ఒక్కటి కూడా లేదు. ఉన్న టోపీలు మాత్రం గోడ కనిపించనన్ని. నూనె కంపెనీవాళ్ళు పంచినవి, టైర్ల కంపెనీవాళ్ళు జనంలోకి విసిరినవి, ఎవరో డ్రైవరు చెమట తుడుచుకుని పారేసినవి. టోపీల కింద స్టిక్కర్లు, స్టిక్కర్ల పక్కన సంతకాలు పెట్టిన పోస్టర్లు, మంచం కింద అట్టపెట్టెల్లో కాలిపోయిన స్పార్క్ ప్లగ్గులు, చిట్లిన పిస్టన్లు, మాడిన రబ్బరు ముక్కలు. అన్నీ డ్రాగ్ రేసుల్లో ఊరికే వచ్చినవే. అందుకే వీధిలో పిల్లలు అతనికి ఊరికే మామ అని పేరు పెట్టారు. ఆ పేరు పిల్లల నోటినుంచి పెద్దల నోటికి పాకింది. కొన్నాళ్ళకి అతని భార్య కూడా, ఎవరైనా తలుపు కొడితే, "మా ఊరికే ఆయన కొట్లో ఉన్నారు, అక్కడికెళ్ళండి" అనే దాకా వచ్చింది.

ఉచితంగా వస్తే ఫినాయిలైనా తాగుతారని కొందర్ని అంటుంటారు. మావాడు తాగడు. సీసా మీద రేసు కారు బొమ్మ ఉంటే మాత్రం, ఫినాయిలు పారబోసి, సీసా కడిగి దాచుకుంటాడు.

డ్రాగ్ రేసు చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. గీత గీసినట్టు తిన్నగా ఉండే రోడ్డు. దాని మీద రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చదీపం వెలగగానే దూకుతాయి. మీకు తుమ్ము వచ్చిందనుకోండి, తుమ్మి కళ్ళు తెరిచేసరికి పందెం అయిపోయి ఉంటుంది. ఇక చప్పుడంటారా, మొదటిసారి నన్ను తీసుకెళ్ళినప్పుడు నా పళ్ళసెట్టు నా ప్రమేయం లేకుండా నమలడం మొదలుపెట్టింది.

ఒక పందేనికీ ఇంకో పందేనికీ మధ్య కార్లని షెడ్ల కిందికి తోసుకొచ్చి ఇంజను విప్పుతారు. అక్కడికి చూడ్డానికి వచ్చినవాళ్ళని కూడా రానిస్తారు. విరిగింది, మాడింది తీసి పక్కన పడేస్తారు. వాళ్ళకది చెత్త. మావాడికి అది నిధి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గాని, మావాడు నేరుగా అడిగేవాడు కాదు. నూనె చేతులతో ఎవరైనా అటూ ఇటూ చూస్తే గుడ్డ అందించేవాడు. నీళ్ళ సీసా మూత తీసి పట్టుకునేవాడు. చివర్లో మెల్లిగా, "ఆ పిస్టను పడేసేదేనా అన్నా? బరువు కదా, ఆ చెత్తబుట్ట దాకా మీరెందుకు, నేను పడేస్తాలే" అనేవాడు. అది మంచం కింద పడేది.

అతని వృత్తి లారీల టార్పాలిన్లు, సీట్ల కవర్లు కుట్టడం. ఇరుకు కొట్టు, ఒక పెద్ద మిషను, మైనపు దారపు కండెలు, గోడకి ఆనించి చుట్టలు చుట్టలుగా మందపు గుడ్డ. లారీవాళ్ళు టార్పాలిన్ కోసం కూర్చుంటే, వాళ్ళకి వస్తువులు చూపించి కథలు చెప్పేవాడు. "ఈ పిస్టను ఉంది చూశారూ, ఇంజను చీల్చుకుని పైకెగిరి, రెండు మబ్బులకి చిల్లుపెట్టి, నేరుగా నా ఒళ్ళో పడింది. ఇంకా వేడి చల్లారలేదు, ముట్టుకోండి!" పాపం వాళ్ళు ముట్టుకునేవారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మావాడు అతికించేవాడు కాదు, రెండు వరసలు కుట్టేవాడు. వస్తువు ఊరికే వచ్చేది, దాని వెనక కథ మాత్రం అతను సొంతంగా కష్టపడి తయారుచేసింది. ప్రతి కథలోనూ మావాడు తెలివైనవాడు, ధైర్యవంతుడు, లేదా కనీసం అదృష్టవంతుడు.

అతనికి బాగా అచ్చొచ్చిన జట్టు ఒకటుండేది. గ్యారేజీ నడిపే ఒక పెద్దాయనది. కారు ఆయనది, నడిపేది ఆయన కూతురు. అందరూ డ్రైవరమ్మ అనేవారు. ఆ కారుకి వెనక ఒక సంచీలో మడిచిపెట్టిన పారాచూట్ ఉంటుంది. అంత వేగంలో బ్రేకులు పనికిరావు. గీత దాటగానే డ్రైవరు మీట లాగితే పారాచూట్ విచ్చుకుని కారుని వెనక్కి లాగి పట్టుకుంటుంది. దాన్ని మడవడం, చూసుకోవడం ఒక నడివయసు మనిషి పని. అతన్ని గొడుగు అని పిలిచేవారు. మాట తక్కువ, ఇచ్చే చెయ్యి ఎక్కువ. మావాడి సొత్తులో సగం అతని చేతి మీదుగా వచ్చిందే.

కారుని తోసుకెళ్ళేటప్పుడు పారాచూట్ పొరపాటున విచ్చుకోకుండా సంచీ మూతకి ఒక ఉక్కు పిన్ను గుచ్చి ఉంచుతారు. కంటికి ఆనేందుకు దానికి జానెడు ఎర్ర రిబ్బను. పందెం ముందు ఆ పిన్ను లాగెయ్యాలి. గొడుగు మనిషికి ఒక పద్ధతుంది. పిన్ను లాగి కుడి జేబులో వేసుకుంటాడు. జేబు మీద చెయ్యేసి తడుముకుంటాడు. తరవాత డ్రైవరమ్మకి కనబడేలా ముందుకొచ్చి చెయ్యెత్తుతాడు. "జేబులో ఉందంటే కారుకి లేనట్టే" అనేవాడు. చప్పుడు వినబడకుండా చెవులకి దిమ్మలు బిగించుకుని, పొగకి కళ్ళు మండుతూ నిలబడేచోట, చేతిని మించిన సాక్ష్యం మనిషికి ఇంకేముంటుంది?

ఒకసారి రిబ్బను పీలికలైన పాత పిన్ను మీద మావాడి కన్ను పడింది. దాని చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేశాడు.

"తీసుకుపో మామా, తీసుకుపో" అన్నాడు గొడుగు విసుగ్గా. "లేకపోతే ఇవాళ నన్ను పని చేసుకోనివ్వవు."

ఆ పిన్ను మావాడి కొట్లో మిషను పక్కన మేకుకి వేలాడింది. కొన్నాళ్ళకి గొడుగు మాటల్లో అన్నాడు, ఇప్పుడు జట్టుకి ఒక్క పిన్నే ఉందని, అదనంగా ఉన్నది ఎక్కడో జారిపోయిందని. ఆ మాట మావాడి బుర్రలో ఎలా నాటుకుందో గాని, నేను కొట్టుకి వెళ్ళేసరికి మేకు మీది పిన్ను తీసి, పాత పీలికలు కోసి, కొత్త ఎర్ర రిబ్బను కుడుతున్నాడు.

"ఏరా, ఇదేంటి?" అన్నాను.

"వాడికి తిరిగిచ్చేద్దామని బావా."

"తిరిగివ్వడమా? ఒళ్ళు వెచ్చగా ఏమన్నా ఉందా? ఇలా రా, నుదురు చూస్తాను."

"నవ్వకు బావా. వాడు నాకెన్ని ఇచ్చాడు! ఒక్కటి నేనూ ఇస్తే నా సొమ్మేం పోయింది?"

ఆ రోజు నేను కూడా రేసుకి వెళ్ళాను. మా ముందు పందెంలో ఒక కారు రోడ్డు మీద నూనె కక్కింది. దాన్ని తుడిచి ఆరబెట్టేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆలస్యమైపోయిందని వరస మార్చి, ఉన్నట్టుండి పెద్దాయన కారుని ముందుకి పిలిచారు. షెడ్డు కింద అందరూ ఉరుకులు పరుగులు. గొడుగు ఒంగి వెనక టైరు తుడుస్తున్నాడు. చెవులకి దిమ్మలున్నాయి. మావాడు వెనకనుంచి వెళ్ళి అతని కుడి జేబులో పిన్ను వేసి, భుజం తట్టి, ఏదో అన్నాడు. ఊరికే మామ భుజం తట్టాడంటే ఏదో అడగడానికే అయి ఉంటుంది గదా! గొడుగు తల తిప్పకుండానే, తరవాత చూద్దాంలే అన్నట్టు చెయ్యి ఊపాడు.

మావాడు కంచె దగ్గరికి తిరిగొచ్చాడు. వాడి మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. "ఇచ్చేశాను బావా. ఇవ్వడం కూడా బాగానే ఉందే!" అన్నాడు.

కారు గీత దగ్గరికి చేరింది. గొడుగు కారు వెనక్కి వెళ్ళి పిన్ను లాగడానికి ఒంగబోయాడు. సరిగ్గా అప్పుడే దీపాల దగ్గర మనిషి, కానివ్వండి కానివ్వండి అని చేతులూపాడు. పక్క కారు టైర్ల పొగ తెరలా వచ్చి మీద పడింది. గొడుగు నిటారుగా లేచాడు. చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. పిన్ను ఉంది. ముందుకొచ్చి చెయ్యెత్తాడు.

గీత దాటాక కారు వెనక తెల్లటి గుడ్డ విచ్చుకోవాలి. విచ్చుకోలేదు. రోడ్డు చివర ఇసుక ఉంది, ఇసుక తరవాత వల ఉంది, వల తరవాత గోడ ఉంది. నాకు ఏ సంగతైనా కాస్త పెంచి చెప్పడం అలవాటు. ఇది పెంచను. కారు గోడ దాకా వెళ్ళింది.

ఆ అమ్మాయి బతికింది. నడుము కింద నుంచి స్పర్శ లేకుండా పోయింది.

ఆ సాయంత్రం రేసుల కమిటీవాళ్ళు కారుని చూస్తే పిన్ను సంచీకే గుచ్చి ఉంది. గొడుగుని పిలిచారు. అతను జేబులో చెయ్యి పెట్టి, ఎర్ర రిబ్బనున్న పిన్ను తీసి చూపించాడు. "ఇదిగో, నేను లాగాను" అన్నాడు.

పెద్దాయన ఆ పిన్ను వంకా ఈ పిన్ను వంకా చూశాడు. "మరిచిపోయానని చెబితే మనిషివనుకునేవాణ్ణి. నా బిడ్డ అక్కడ రక్తంలో పడి ఉంటే, నువ్వు పెట్టెలు వెతికి ఇంకో పిన్ను సంపాయించి జేబులో పెట్టుకున్నావా?" అన్నాడు.

గొడుగు ఆ రిబ్బనుని వేళ్ళతో తిప్పి తిప్పి చూశాడు. అతనికే తెలియనిది ఎవరికేం చెబుతాడు? పాత పిన్ను పీలికలు అతనికి గుర్తు. ఇది కొత్త రిబ్బను. ట్రాక్ దగ్గర ఇంకెవరూ అతనికి పని ఇవ్వకుండా చేశారు. నిర్లక్ష్యం అనే మాట ఎవరూ అనలేదు. దొంగ అన్నారు, అబద్ధాలకోరు అన్నారు.

రెండు పిన్నుల సంగతి మర్నాటికల్లా అందరికీ తెలిసింది. మావాడు పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ, అంటే వాళ్ళక్క, పెట్టిన పళ్ళెం ముందు కూర్చుని వేలు కూడా కదపలేదు. ఆవిడ లోపలికి వెళ్ళాక, "బావా, ఆ పిన్ను నాది" అన్నాడు.

"తెలుసు. పద, వెళ్ళి చెప్పొద్దాం."

"ఇప్పుడా? ఆ అమ్మాయి ఆసుపత్రిలో ఉంటే?"

"అందుకే ఇప్పుడు."

"రేపు వెళ్దాం బావా."

రేపు అన్నాడు, ఎల్లుండి అన్నాడు. అమ్మాయి ఇంటికి రానీ అన్నాడు. పెద్దాయన కోపం చల్లారనీ అన్నాడు. చిన్నప్పుడు కాన్వెంటు బడిలో మాకు పాఠాలు చెప్పిన సిస్టరు అనేది, తప్పు ఒప్పుకోడానికి మోకాళ్ళ మీద కూర్చోవడమే కష్టం, కూర్చున్నాక నోరు అదే తెరుచుకుంటుందని. మావాడి మోకాళ్ళు వంగలేదు. నేను చెబుతానంటే, "నా నోటితో నేను చెప్పాలి బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అనేవాడు. వానలు మొదలై రేసులు ఆగిపోయాయి. కొట్లో కథలు కూడా ఆగిపోయాయి. లారీవాళ్ళు ఏ ప్లగ్గు గురించైనా అడిగితే, "ఏముంది, పాత ప్లగ్గు" అని మిషను తొక్కేవాడు.

అతని భార్య నన్ను అన్నయ్యగారూ అంటుంది. నాకు చెల్లెలి వరస. ఒకరోజు కబురుపెట్టి నన్ను పిలిపించింది. వెళ్ళేసరికి గదిలో మొగుడు మంచం అంచున కూర్చుని ఉన్నాడు, ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"అన్నయ్యగారూ, ఇవాళ గొడుగు భార్య కనిపించింది. ఆ మనిషి ఇంట్లో ఎలా ఉన్నాడో తెలుసా? పొయ్యి ఆర్పి, ఆర్పానా అని మళ్ళీ వెళ్ళి చూస్తాడట. తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొస్తాడట. మనవరాలు పుట్టింది. ఎత్తుకోమంటే, నా చేతుల్ని నేను నమ్మను, నాకివ్వకండి అంటున్నాడట. ఇంటికొచ్చి చెప్తే, మీ బావమరిది తలకాయ వంచుకుని మొత్తం కక్కారు." మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? నేను చెప్తే మాత్రం వీధిలో నిలబడి చెప్తాను."

మావాడు లేచి చొక్కా వేసుకున్నాడు. తల మీద టోపీ పెట్టుకోలేదు.

ముందు గ్యారేజీకి వెళ్ళాం. పెద్దాయన ఏదో కారు కింద నుంచి బయటికొచ్చి మావాణ్ణి చూశాడు.

"ఏం మామా, ఇంకేం పట్టుకుపోడానికి వచ్చావు?"

"ఏమీ వద్దండీ. ఒక మాట చెప్పాలి."

చెప్పాడు. తడబడుతూనే అయినా మొత్తం చెప్పాడు. పెద్దాయన గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ విన్నాడు.

"నీ కొట్లో నా కారు ప్లగ్గు ఒకటుంది కదూ?"

"ఉందండీ."

"అది ఏ పందెంలోదని చెప్తావు జనానికి?"

మావాడు నేల చూశాడు.

"చెప్పవయ్యా."

"పోయినేడు... ఆఖరి పందెం గెలిచినప్పటిది అని."

"పోయినేడు మేం ఆఖరి పందెం దాకా రానేలేదు. నేను గెలవని పందెం కూడా నన్ను గెలిపించావు. నలుగురూ వచ్చి అడిగితే నవ్వుకుని ఊరుకున్నాను. ఇప్పుడు నా కూతురి కాళ్ళు పోతే, అందులోనూ నీకో ముక్క కావాల్సొచ్చిందా? టోపీలు చాల్లేదా? దీన్ని కూడా మంచం కింద పెట్టుకుంటావా?"

"ఒట్టండీ, నా భార్య మీద ఒట్టు."

"నీ ఒట్లూ ఊరికే వచ్చేవే. నడువు."

"నేను కళ్ళారా చూశానండీ, ఆ జేబులో వేయడం" అన్నాను నేను.

"మీ మాట సంగతి ఎవరికి తెలీదు తాతగారూ? బావా బావమరుదులు ఒకే తానులో ముక్కలు." ఆయన మళ్ళీ కారు కిందికి దూరాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తూ ఉండిపోయాయి.

గొడుగు ఇల్లు రెండు గదులు. గుమ్మంలో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బక్కచిక్కిపోయాడు. మావాడు కూర్చోకుండానే చెప్పాడు. అతను మధ్యలో ఒక్కసారే ఆపాడు.

"ఏ జేబు?"

"కుడి."

"అప్పుడు నేనేం చేస్తున్నాను?"

"వెనక టైరు తుడుస్తున్నావు. భుజం తట్టాను. నువ్వు చెయ్యి ఊపావు."

"అది నువ్వా" అన్నాడు గొడుగు. కుడిచెయ్యి తిప్పి అరచేతిలోకి చూసుకున్నాడు. "నాకు మతి పోయిందనుకున్నాను మామా. లాగినట్టు గుర్తుంది, లాగలేదని కళ్ళ ముందుంది. ఏది నిజమో తెలిసేది కాదు."

తరవాత లేచి, మావాడి చొక్కా మెడ దగ్గర పట్టుకున్నాడు. "వానల ముందు సంగతి ఇది. వానలొచ్చాయి, వెలిశాయి. ఇన్నాళ్ళూ కొట్లో కూర్చుని ఏం కుట్టావు? చెప్పు, ఏం కుట్టావు?"

మావాడు చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. నేను విడిపించబోతే, "ఉండు బావా" అన్నాడు. గొడుగే వదిలేసి చెప్పులు వేసుకున్నాడు. "ఆ అమ్మాయి దగ్గర చెప్పు. నా ఎదురుగా చెప్పు."

పెద్దాయన ఇల్లు గ్యారేజీ వెనకే. వరండాలో వీల్‌చైరులో డ్రైవరమ్మ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి పెద్దాయన గ్యారేజీలోంచి పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చాడు. ఆ అమ్మాయి, "ఉండండి నాన్నా, రానివ్వండి" అంది.

మావాడు మూడోసారి చెప్పాడు. ఈసారి తడబడలేదు. ఆ అమ్మాయి అతన్ని ఏమీ అడగలేదు. గొడుగు వైపు తిరిగింది.

"బాబాయ్, నువ్వు పిన్ను లాగావా?"

"లేదమ్మా."

"అదే కదా నేను మొదట్నుంచీ..." అని పెద్దాయన అందుకున్నాడు. ఆ అమ్మాయి ఆయన వైపు చూడలేదు.

"లాగాననుకున్నావా?"

"అనుకున్నానమ్మా. జేబు తడిమాను, ఉంది. కారు వైపు చూడలేదు."

"పెట్టెలోంచి ఇంకోటి తెచ్చుకోలేదు."

"లేదమ్మా."

గ్యారేజీలో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు.

"ఆసుపత్రిలో పడుకుని ఒకటే అనుకునేదాన్ని" అందా అమ్మాయి. "మనిషన్నాక మరిచిపోతాడు. కానీ నేనలా పడి ఉన్నప్పుడు నువ్వు దొంగ పిన్ను వెతుక్కున్నావే అని. నా కాళ్ళు పోయినదాని కన్నా అదే ఎక్కువ నొప్పిగా ఉండేది బాబాయ్."

"నువ్వు ఈ మామ మాట నమ్ముతున్నావా?" అన్నాడు పెద్దాయన.

"నాన్నా, ఈయన కథలు చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఒక్క కథలోనైనా ఈయన వెధవయ్యాడా? ఎప్పుడూ గొప్పవాడే. ఇలాంటి కథ ఈయనకి కల్పించడం చేతకాదు." తరవాత మావాడితో, "మామా, ఇప్పటికైనా చెప్పావు. ఇంకెప్పుడూ నా కళ్ళకి కనబడకు" అంది.

మావాడు తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

పెద్దాయన ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. పని ఉందని గొణిగి గ్యారేజీలోకి వెళ్ళిపోయాడు. సుత్తి చప్పుడు ఆగింది. గొడుగుని మళ్ళీ రమ్మని అప్పుడూ అనలేదు, ఆ తరవాత కూడా అనలేదు.

ఎండ వరండాలోకి వచ్చి ఆ అమ్మాయి మోకాళ్ళ మీద పడింది. ఆ ఎండ వేడి ఆమెకి తెలియదు. మొహం మీదికి వచ్చాకే తెలిసింది.

"బాబాయ్, కాస్త లోపలికి తోస్తావా?"

గొడుగు వీల్‌చైరు వెనక్కి వెళ్ళి పిడులు పట్టుకున్నాడు. తొయ్యలేదు. ఒంగి కుడి చక్రం బ్రేకు వైపు చూశాడు. చూసి, తీశాడు. ఆ పక్కకి వెళ్ళి ఎడమ చక్రం బ్రేకు చూశాడు, తీశాడు. మళ్ళీ ఈ పక్కకి వచ్చి మొదటిది చూశాడు. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. అప్పుడు తోశాడు.

మేమిద్దరం మెట్ల కింద నిలబడ్డాం. లోపలికి రమ్మని మమ్మల్ని ఎవరూ పిలవలేదు.